నిప్పు రాజుకున్న కథ, రాజుకోని కథ

జాక్ లండన్ ‘టు బిల్డ్ ఎ ఫైర్’ అన్న పేరుతో రెండు కథలు రాశాడు. మొదటిది 1902 మే 29న ‘ది యూత్స్ కంపానియన్’ పత్రికలో వచ్చింది. రెండోది 1908 ఆగస్టులో ‘ది సెంచురీ’ మాసపత్రికలో వచ్చింది. రెంటిలోనూ ఒక మనిషి గడ్డకట్టిన వాగు వెంట ఒంటరిగా నడుస్తుంటాడు. పలుచటి మంచుపొర పగిలి కాళ్లు నీళ్లలో దిగబడతాయి. ఆరబెట్టుకోవడానికి చెట్టు కింద మంట వేస్తాడు. కొమ్మల మీది మంచు జారిపడి మంట ఆరిపోతుంది. అక్కడ కథలు రెండూ విడిపోతాయి. మొదటి మనిషి బతుకుతాడు, రెండోవాడు చచ్చిపోతాడు. లోకం గుర్తుపెట్టుకున్నది రెండోదాన్నే. సంకలనాల్లో కనిపించేదీ, తరగతి గదుల్లో చదివించేదీ అదే. మొదటిది ఇప్పుడు ఎక్కువగా పరిశోధకులకే పరిచయం.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినవాళ్లు సాధారణంగా ఒక తీర్పు ఇస్తారు: మొదటిది పిల్లల నీతికథ, రెండోది పెద్దల కళాఖండం. లండన్ కూడా దాదాపు అలాగే చెప్పుకున్నాడు. 1908 డిసెంబరులో ‘ది సెంచురీ’ సంపాదకుడు రిచర్డ్ వాట్సన్ గిల్డర్‌కు ఉత్తరం రాస్తూ, మొదటి కథ కుర్రాళ్ల కోసం రాసిందనీ, అంత బలమైన వస్తువుకు అందులో న్యాయం జరగలేదన్న బెంగ తనను వదల్లేదనీ, అందుకే దాన్ని మళ్లీ పెద్దల కోసం రాశాననీ వివరించాడు. ఈ విభజన నాకు చాలదనిపిస్తుంది. కళ సంగతి పక్కన పెట్టి, చలికాలంలో ప్రాణం నిలుపుకుంటూ ప్రయాణం చేయడమెలాగో ఏ కథ బాగా నేర్పుతుందని అడిగినా, జవాబు రెండో కథే. నేర్పడమే తన పని అనుకున్న మొదటి కథ, సరిగ్గా ఆ పనిలోనే తడబడింది.

రెండు కథల వెనకా ఉన్న అనుభవం ఒకటే. 1897లో, 21 ఏళ్ల వయసులో, లండన్ బంగారం వెతుక్కుంటూ కెనడాలోని యూకాన్ ప్రాంతానికి వెళ్లాడు. చిల్‌కూట్ కనుమ మీదుగా సామాను మోసుకుని వెళ్లి, స్టువర్ట్ నది యూకాన్ నదిలో కలిసే చోటికి దగ్గర్లో, హెండర్సన్ వాగు పరిసరాల్లో ఆ చలికాలం గడిపాడు. స్కర్వీ జబ్బుతో 1898లో వెనక్కి వచ్చాడు. వేలమంది తిండి లేకుండా లోపలికి పోయి చస్తారన్న భయంతో ఆ రోజుల్లోనే కెనడా మౌంటెడ్ పోలీసులు కనుమ శిఖరం దగ్గర ఒక నిబంధన అమలు చేశారు. ఏడాదికి సరిపడా సరుకులు ఉంటేనే మనిషిని దాటనిచ్చేవారు. తిండీ పనిముట్లూ కలిపితే ఒక్కొక్కరికి దాదాపు టన్ను బరువు. అది మంచి నిబంధన. కానీ ఆ టన్ను సామానూ గుడిసెలో ఉండిపోతుంది. ఒక పూట ప్రయాణానికి బయల్దేరినవాడి వెంట ఉండేది చొక్కా లోపల ఒంటికి ఆనించి దాచుకున్న రొట్టెముక్కలు, జేబులో అగ్గిపుల్లలు. లండన్ రెండుసార్లూ రాసింది ఆ ఒక్క పూట గురించే.

మొదటి కథలో నాయకుడికి పేరుంది, టామ్ విన్సెంట్. ఎముకపుష్టి, కండబలం ఉన్న కుర్రాడు. ఉత్తరాన ఒంటరిగా ప్రయాణం చేయకూడదన్న మాట చాలాసార్లు విన్నాడు, విని నవ్వాడు. జనవరిలో, ఫారెన్‌హీట్ మైనస్ 60 చలిలో, అంటే సెల్సియస్‌లో మైనస్ 51 దగ్గర, ముప్పై మైళ్ల దారికి ఒంటరిగా బయల్దేరతాడు. చెర్రీ వాగు దగ్గరున్న స్నేహితులకు ఇంటి ఉత్తరాలు తీసుకెళ్తున్నాడు. రెండో కథలోని మనిషికి పేరే లేదు. ఆ నేలకు కొత్తవాడు, అదే మొదటి చలికాలం. వసంతంలో యూకాన్ నదిలోని దీవుల నుంచి దుంగలు దింపడానికి వీలుంటుందా అని చూసి రావాలని చుట్టుదారి పట్టాడు. తోటి కుర్రాళ్లు శిబిరానికి నేరుగా పోయారు. చలి ఈసారి మైనస్ 75, సెల్సియస్‌లో మైనస్ 59. ఇది కథకుడి అతిశయోక్తి అనుకోనక్కర్లేదు. 1947 ఫిబ్రవరి 3న అదే యూకాన్‌లోని స్నాగ్ దగ్గర సెల్సియస్ మైనస్ 63 నమోదైంది.

చలి పెరగడం కంటే నాకు ముఖ్యంగా కనిపించే మార్పు హెచ్చరికలో ఉంది. మొదటి కథలో హెచ్చరికకు హద్దు లేదు. ఎప్పుడూ ఒంటరిగా వెళ్లొద్దు, అంతే. ఇలాంటి నియమాన్ని మనుషులు రోజూ దాటుతారు, దాటినా చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడం వల్లే దాని మీద గౌరవం పోతుంది. టామ్ నవ్వాడంటే తప్పు పట్టలేం. రెండో కథలో సల్ఫర్ వాగు దగ్గరి వృద్ధుడు అదే మాటకు ఒక అంకె తగిలిస్తాడు: ఫారెన్‌హీట్ మైనస్ 50 దాటాక క్లోన్‌డైక్‌లో, అంటే యూకాన్‌లోని ఆ బంగారు ప్రాంతంలో, ఒంటరి ప్రయాణం పనికిరాదు. ఇది వాడుకోదగ్గ నియమం. తలుపు తెరిచి బయటికి చూసినప్పుడు వెళ్లాలో ఆగాలో తేల్చుకోవచ్చు. కొలిచే సాధనం కూడా ఆ మనిషి నోట్లోనే ఉంది. మైనస్ 50లో ఉమ్మి నేల మీది మంచుకు తగిలి చిటపటమంటుందని అతనికి తెలుసు. ఉమ్మేసి చూశాడు. నేలకు చేరకముందే గాల్లోనే చిటపటమంది. అంటే చలి 50 దాటిపోయింది. ఎంత దాటిందో తెలియదనుకున్నాడు, పోనీలే అనుకుని ముందుకు నడిచాడు. కొలత చేతికి వచ్చింది, నియమం మనసులో ఉంది, రెంటినీ కలపలేదు. ఆ రెండు మూడు వాక్యాల్లో ప్రమాదం మొత్తం ముందే జరిగిపోయింది. నీళ్లలో కాలు పడటం తర్వాతి సంగతి.

ఈ మనిషిని మూర్ఖుడని తోసిపారేసే పాఠకులు కథను సగమే చదివారంటాను. అతనికి పని వచ్చు. తిండి గడ్డకట్టకుండా ఒంటికి ఆనించుకోవాలని తెలుసు. ఊటల మీద మంచు ఎక్కడ పలుచగా ఉంటుందో గమనిస్తూ నడుస్తాడు, అనుమానం వచ్చిన చోట చుట్టు తిరిగి పోతాడు. తినబోయేముందు మంట వేయడం మరిచిపోయానని గుర్తు రాగానే లేచి మంట వేస్తాడు, వేడికి గడ్డం మీది మంచు కరిగించుకుని తింటాడు. బలం మీద నమ్మకంతో గంతులేస్తూ పోయే టామ్ ఆ పని చేయలేదు. వేళ్లు మొద్దుబారుతుంటే తినడం మధ్యలో ఆపి పరుగందుకున్నాడు. నైపుణ్యాన్ని బట్టి చూస్తే రెండోవాడే మెరుగు. మెరుగైనవాడు చచ్చిపోవడంలో రెండో కథ చెప్పే విషయం ఉంది. అతనికి లేనిది ఊహ. లండన్ ఆ మాట తొలి పేజీల్లోనే చెబుతాడు: వస్తువులు అతనికి చురుగ్గా కనిపిస్తాయి, వాటి అర్థం తట్టదు. చలికాలపు ప్రయాణానికి సిద్ధపడటమంటే మూట కట్టుకోవడం మాత్రమే కాదు, ఇది చెడితే తర్వాత ఏం చేస్తాను, అది కూడా చెడితే ఏం చేస్తాను అని గడప దాటకముందే ఆలోచించుకోవడం. అగ్గిపుల్లలు ఉన్నాయని అతనికి తెలుసు. అగ్గిపుల్లలు పట్టుకునే వేళ్లు ఉంటాయా అన్న ప్రశ్న మాత్రం వేళ్లు పోయేదాకా రాలేదు.

ఇక్కడ రెండు కథల్లోనూ ఉన్న ఒక చిన్న వస్తువును దగ్గరగా చూడాలి. వాగు పొంగినప్పుడు గట్టున పేరుకుని, నీళ్లు తీశాక అక్కడే ఎండిపోయిన పుల్లల కుప్ప అది. మొదటి కథలో అది చివర కనిపిస్తుంది. మంట ఆరిపోయి, చేతులు మాట వినక, ఆశ వదులుకోబోతున్న టామ్‌కు దారిలో అలాంటి కుప్ప దొరుకుతుంది. చర్మం కాలుతున్నా వదలకుండా దానికి నిప్పంటిస్తాడు, బతుకుతాడు. కథ దాన్ని పట్టుదల గెలిచిందన్నట్టు చెబుతుంది. నిజానికి అది అదృష్టం. ఆ మలుపులో వరద ఆ పుల్లలు వదిలిపోకపోతే టామ్ కండబలం అక్కరకు వచ్చేది కాదు. లండన్ ఆ అదృష్టానికి పేరు పెట్టకుండా దాటేశాడు. దానితో కథ తాను నేర్పాలనుకున్న దానికి అడ్డం తిరిగింది. ఒంటరిగా వెళ్లొద్దని పైకి చెబుతూ, గట్టివాడైతే ఒంటరిగా వెళ్లినా బయటపడతాడని కథనంతో రుజువు చేసింది. అది చదివిన పన్నెండేళ్ల పిల్లవాడు తనను టామ్‌గా ఊహించుకుంటాడు కానీ, ఆరిన మంటగా ఊహించుకోడు.

రెండో కథలో అదే ఎండుపుల్లల కుప్పను లండన్ ఎక్కడ పెట్టాడో చూడండి. మధ్యాహ్నం తిండి దగ్గర ఒకసారి, మామూలుగా. అక్కడ అది చక్కగా మండుతుంది. తర్వాత కాళ్లు తడిశాక మళ్లీ కనిపిస్తుంది, ఈసారి చిన్న స్ప్రూస్ చెట్ల మొదళ్ల దగ్గర పొదల్లో చిక్కుకుని. పుల్లలు లాగి నేరుగా మంట మీద వేయడం తేలికని అతను అక్కడే, చెట్టు కిందే, మంట వేస్తాడు. పుల్ల లాగిన ప్రతిసారీ చెట్టు కాస్త కదులుతుంది. పైకొమ్మ మీది మంచు కింది కొమ్మ మీద, అది ఇంకో కొమ్మ మీద, చివరికి అంతా ఒక్కసారిగా మంట మీద. మొదటి కథలో ప్రాణం నిలిపిన కుప్పే రెండో కథలో మనిషిని చెట్టు కిందికి లాగింది. ఆరేళ్ల తర్వాత లండన్ తన పాత కథను ఎంత కఠినంగా చదువుకున్నాడో దీన్ని బట్టి నాకు అర్థమవుతుంది. తాను దొంగచాటుగా అందించిన సాయాన్ని తనే వెనక్కి తీసుకున్నాడు. కొండల్లో, మంచు అడవుల్లో గుడారం వేసేవాళ్లకు ఇప్పటికీ చెప్పే జాగ్రత్త ఇదే: నిప్పు వేసేముందు తలెత్తి పైన ఏముందో చూడు. టామ్ కథ కూడా ఆ జాగ్రత్త చెబుతుంది. కానీ సులువైన పని మనిషిని ఆ తప్పులోకి ఎలా దింపుతుందో చూపించింది రెండోదే.

చలి శరీరంలో చేసే పనిని చెప్పడంలో కూడా రెంటికీ తేడా ఎక్కువ. విపరీతమైన చలిలో శరీరం చర్మానికీ వేళ్లకూ రక్తం తగ్గించి గుండెకూ మెదడుకూ దాచుకుంటుంది. ప్రాణం కాపాడటానికి శరీరం వేసే ఎత్తు అది, కానీ దాని వల్ల ముందుగా పోయేవి చేతులు. బుద్ధి పనిచేస్తూనే ఉంటుంది, బతకాలన్న కోరికా ఉంటుంది, అగ్గిపుల్ల మాత్రం పట్టుకు దొరకదు. మొదటి కథలో ఇది ఒక కష్టం, దాటదగ్గ కష్టం. రెండో కథ దాన్ని వేలు వేలుగా చూపిస్తుంది. చేతిలో కొమ్మ ఉందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. అరచేతుల మొదళ్ల మధ్య అగ్గిపుల్లల కట్ట ఇరికించి, డెబ్బై పుల్లలూ ఒకేసారి గీసి, మాంసం కాలుతున్న వాసన వచ్చేదాకా పట్టుకుంటాడు. నిప్పు అంటుకుంటుంది కూడా. వణికే చేతులతో సర్దబోయి చెదరగొట్టుకుంటాడు. మొలలో కత్తి ఉంది, మొకాసిన్ల (తోలు పాదరక్షల) తాళ్లు కోయడానికి అది చాలు, దాన్ని తీశాడు కానీ కోసేలోపే మంచు పడింది. ఈ పేజీలు చదివినవాడికి చేతితొడుగులు ఎందుకు రెండు జతలుండాలో, అగ్గిపెట్టె ఎందుకు అందుబాటులో ఉండాలో, తడిసిన మేజోళ్లు ఎందుకు వెంటనే మార్చాలో విడిగా చెప్పనక్కర్లేదు.

అంతకు ముందే ఒక హెచ్చరిక అతనికి అంది ఉంది. అనుమానమున్న మంచు మీదికి కుక్కను ముందు తోస్తాడు. దాని కాళ్లు తడుస్తాయి. వేళ్ల మధ్య గడ్డకట్టిన మంచును అది కొరికి తీసుకుంటుంటే, తనూ చేతితొడుగు తీసి సాయం చేస్తాడు. ఒక్క నిమిషంలో వేళ్లు మొద్దుబారాయి. ఆశ్చర్యపోయి చేయి గట్టిగా కొట్టుకున్నాడు, మళ్లీ నడిచాడు. ఆ నిమిషం నేర్పిన లెక్క అతని దగ్గరే ఉంది. తడి బట్టలతో, తొడుగులు లేని చేతులతో ఎంతసేపు పని చేయగలడో దాన్ని బట్టి తేలిపోయేది.

ఇప్పుడు చలి ప్రాంతాల్లో ప్రయాణికులకు అధికారులు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఒకటి, ఏ దారిన పోతున్నారో, ఎప్పటికి చేరతారో ఒకరికి చెప్పి వెళ్లమని. మంచి సలహా. ఈ మనిషి ఆ పని కూడా చేశాడనే చెప్పాలి. సాయంత్రం ఆరుకల్లా శిబిరం చేరతాడని కుర్రాళ్లకు తెలుసు, అతని కోసం మంటా వేడి తిండీ సిద్ధంగా ఉంటాయి. కానీ ఆరు కాకముందే అంతా అయిపోయింది. వాళ్ల లెక్కలో అతనింకా ఆలస్యం కాలేదు. చివరి క్షణాల్లో అతనికి కనిపించే దృశ్యం కూడా మర్నాడు కుర్రాళ్లు తన శవాన్ని వెతికి కనుక్కోవడమే. వెతకడానికి వచ్చేవాళ్లు ఉండటం వేరు, వాళ్లు వచ్చేదాకా మనిషి నిలవడం వేరు. మొదటి కథలో ఈ కాలం లెక్క లేనే లేదు. స్నేహితులు చివర్లో ఉంటారు, టామ్ వాళ్లను చేరతాడు, నెల తిరిగేసరికి లేచి తిరుగుతాడు.

అయినా 1902 కథను చిన్నచూపు చూడలేను. అందులో ఒక నిజం ఉంది, రెండోదాంట్లో దానికి చోటు లేదు. బతికినవాడు కూడా పూర్తిగా వెనక్కి రాడు. టామ్ కాలివేళ్లు ఆ తర్వాత చలికి ఎప్పటికీ తట్టుకోలేవు, చేతుల మీది మచ్చలు చచ్చేదాకా పోవు. చలిదెబ్బ తిన్న అవయవం మళ్లీ చలికి తొందరగా లొంగుతుందన్నది వైద్యులు చెప్పే మాటే. చావో బతుకో అన్న రెండు ముక్కల్లో ఆలోచించేవాళ్లకు ఈ మూడో సంగతి తెలియాలి. దాన్ని లండన్ రెండు వాక్యాల్లో ముగించడమే నాకు లోటు. అక్కడ ఆగి రాసి ఉంటే మొదటి కథ దారే వేరుగా ఉండేది.

ఈ కథలు మన వాళ్లకు ఎక్కడ తగులుతాయో చెప్పి తీరాలి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో చదువుకు వెళ్లి మినియాపొలిస్‌లో, ఎడ్మంటన్‌లో, బఫెలోలో మొదటి చలికాలం చూసే పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడి అన్నలూ అక్కలూ వాళ్లకు జాబితా ఇస్తారు: కోటు, బూట్లు, చేతితొడుగులు, కారు అద్దం గీకే పలక, డిక్కీలో దుప్పటి, పార. జాబితా అవసరమే, కనుమ మీది పోలీసుల టన్ను సామానులాగే. దాని వెనకున్న కారణాలు కూడా చెప్పాలి. కారు మంచులో దిగబడితే దిగి నడవొద్దు, కారులోనే ఉండాలి, ఎందుకంటే మంచు తుపానులో పది అడుగుల అవతల దారి కనపడదు. వెచ్చదనానికి ఇంజన్ గంటకు పది నిమిషాలే నడపాలి. నడిపేముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి, అద్దం కొంచెం దించాలి. పొగగొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. 2022 డిసెంబరులో బఫెలో ప్రాంతాన్ని ముంచిన మంచు తుపానులో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు ఆరుబయట, కొందరు ఇళ్లలోనే. చలికి కొత్తవాళ్లు కాదు ఆ ఊరివాళ్లు. పని వచ్చినంత మాత్రాన ఊహ ఉన్నట్టు కాదని లండన్ రెండో కథ ఎప్పుడో చెప్పింది. అలవాటూ అంతే.

ఇక తోడు సంగతి. రెండు కథలూ తోడు లేకపోవడం గురించే, కానీ తోడు ఉంటే ఏమవుతుందో రెండూ చూపించవు. రెండో కథలో ఆ మనిషికి ఒకచోట తడుతుంది, ఇంకొకడుంటే మంట వాడు వేసేవాడు కదా అని. అంతే. ఆ ఇంకొకడి చేతులు పొడిగా ఉంటాయి, వేళ్లు వంగుతాయి, మొకాసిన్ తాళ్లు కోస్తాడు. అంతకంటే ముందు, గడప దగ్గరే, ఇవాళ వద్దురా అని ఆపగలిగేవాడు కూడా వాడే. లండన్ ఆ రెండో మనిషిని ఈ కథలో రాయలేదు, బదులు కుక్కను పెట్టాడు. కుక్కకు థర్మామీటర్ తెలియదు కానీ, ఈ చలిలో కదలకూడదని ఒంటికి తెలుసు. బెదిరి అతని మడమల వెనకే నక్కి నడవడంలో, వెనకాడటంలో, మంట కోసం బెంగపడటంలో ఆ సంగతి కనిపిస్తూనే ఉంటుంది. ఆ మనిషి దానితో మాట్లాడింది అదిలింపులతో, కొరడాతో. దగ్గరితనం లేని చోట హెచ్చరిక అందదు. 1908 కథకు ఇంత బలం రావడానికి కారణాల్లో ఈ కుక్కది పెద్దపాలు. టామ్ పక్కన మాట్లాడే ప్రాణి ఏదీ లేదు, వినకపోవడం ఎలా ఉంటుందో చూపించడానికి ఆ కథలో వీలే లేదు.

మంచు దేశానికి బయల్దేరుతున్న పిల్లలకు ఒక కథ ఇవ్వమంటే రెండూ ఇస్తాను, 1908 నాటిది ముందు. అది చదివి 1902 కథకు వస్తే, టామ్ చేతికి వరద వదిలిన పుల్లలు దొరికిన చోట పాఠకుడు ఊపిరి పీల్చుకోడు. అవి అక్కడ లేకపోయి ఉంటే వీడి దగ్గర ఇంకేముంది అని అడుగుతాడు.